కాకతీయుల ఓడ అడిగారు, కోరంగి ధోనీ కట్టిచ్చాం

హన్మకొండలో మాది నమూనాలు చేసే వర్క్‌షాప్. గుళ్లు, కోటగోడలు, చెరువు తూములు, ప్రాజెక్టుల మోడళ్లు, మధ్యమధ్యలో రియల్ ఎస్టేట్ వెంచర్లు, వీటి మీదనే మా బతుకు. ఇక్కణ్నుంచి సముద్రం దాకా మ్యాప్ మీద తిన్నగా గీత గీసినా రెండు వందల యాభై కిలోమీటర్లు. అలాంటి చోటికి ఒక కాలేజీ హిస్టరీ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి ఓడ చేసి పెట్టమన్నారు. కాకతీయుల వ్యాపారం మీద ఒక గది సిద్ధం చేస్తున్నారట, దాని నడిమధ్యలో ఓడ ఉండాలట. వాళ్లు ప్రింట్ తీసి తెచ్చిన బొమ్మలో మూడు స్తంభాలు, ముక్కు దగ్గర ఏనుగు తల, తెరచాప మీద కీర్తి తోరణం ఉన్నాయి. బొమ్మ బాగుంది, కాదనను. కాకపోతే అందులో ఒక్క గీతకూ ఆధారం లేదు.

ఆర్డర్ తీసుకున్నప్పటి నుంచి గదిలో బిగించే దాకా ఏం చేశామో, దేన్ని ఒప్పుకున్నామో, దేన్ని వద్దన్నామో ఇక్కడ రాస్తున్నాను. నమూనాలు చేసేవాళ్లకు, చేయించుకునే మాస్టార్లకు పనికొస్తుంది.

ముందు కాకతీయుల ఓడ సంగతి చూద్దాం. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం అందరికీ తెలిసిందే, శక సంవత్సరం 1166, అంటే 1244–45. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, శాసనం అక్కడి వీరభద్రుడి గుళ్లో స్తంభం మీద ఉంది. అంతకుముందు రాజులు గాలివానకు దారి తప్పి, దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారని, ఇక నుంచి అలా జరగదని, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైలో ఒక వంతు. ఆ తర్వాత గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు అంటూ సరుకుల జాబితా నడుస్తుంది. వందేళ్ల తర్వాత 1358లో అదే రేవులో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇలాంటి అభయమే ఇచ్చాడు. మార్కో పోలో రాసిన ముత్ఫిలి కూడా ఈ మోటుపల్లే అంటారు.

వ్యాపారం గురించి ఇంత చెప్పిన శాసనం ఓడ ఎన్ని మూరలు, స్తంభాలు ఎన్ని, అడుగు చదునా గుండ్రమా అన్నది ఒక్క ముక్క చెప్పదు. చెప్పాల్సిన పని కూడా లేదు, అది సుంకం కాగితం, వడ్రంగికి ఇచ్చే డ్రాయింగ్ కాదు. దాన్ని పట్టుకుని ఓడ కట్టడమంటే ఇంటి పన్ను రసీదు చూసి ఇంటి ప్లాన్ గీయడమే.

ఈ మాట అంటే లెక్చరర్ గారు ఇంకో దారి పట్టారు. "శాతవాహనుల నాణెం మీద ఓడ బొమ్మ ఉంది కద సార్. కోటిలింగాల మనదే కద!" కోటిలింగాల మనదే, గోదావరి ఒడ్డునే ఉంది, తొలి శాతవాహనుల నాణేలు అక్కడ దొరికిన మాటా నిజమే. కానీ ఓడ బొమ్మ ఉన్న సీసపు నాణేలు తీరం వైపు దొరికినవి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో చెప్పుకునేవి, క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటివి. రెండు స్తంభాలు స్పష్టంగానే కనిపిస్తాయి. అయితే గణపతిదేవుడికీ వాటికీ మధ్య వెయ్యేళ్లు గడిచాయి. అదీగాక వేలిగోరంత బొమ్మ నుంచి స్తంభాల లెక్క తీసుకోవచ్చేమో గానీ పొడవు, వెడల్పు, లోతు ఎలా తీస్తాం?

అప్పుడు నేను పెట్టిన ప్రతిపాదన ఇది. కొలతలు దొరికే తెలుగు తీరపు పడవ ఒకటుంది, దాన్ని కడదాం, దాని కాలం ఏదో అదే రాద్దాం. అది కోరంగి ధోనీ. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇప్పటి తాళ్ళరేవు పక్కనున్న కోరంగిలో కట్టి తీరం వెంబడి సరుకు మోసిన ఒంటి స్తంభం పడవ. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ట్రింకోమలీలో బ్రిటిష్ నౌకాదళం యార్డులో పెద్ద ఓడల మేస్త్రీగా పనిచేసిన జాన్ ఎడై ఇండియా, సిలోన్ పడవల మీద రాసిన వ్యాసం 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది, అందులో ఈ ధోనీకి అడుగులూ అంగుళాలతో సహా లెక్క ఉంది.

పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు చదునుగా ఉంటుంది, మధ్యలో ఆ చదును వెడల్పు 7 అడుగులు, రెండు కొసలకు పోయేసరికి 10 అంగుళాలకు సన్నబడుతుంది. ఖాళీగా ఉంటే నీళ్లలో 4 అడుగులు దిగుతుంది, సరుకు నింపితే 9 అడుగులు. ముందు సగం, వెనుక సగం ఒకే తీరు. మద్రాసుకు, సిలోన్‌కు, మన్నారు సింధుశాఖకు తిరిగేది.

నేను కాగితం మీద అడ్డుకోత గీసి చూపిస్తే మా దగ్గర పనిచేసే వడ్లాయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "సారూ, గిది ఓడనా, కుడితి తొట్టా?" అన్నాడు. లెక్చరర్ గారి మొహం కూడా అదే అడుగుతోంది. నిజానికి ఎడై దొరగారి అభిప్రాయమూ అంతే. ఆకారం వికారం, నడపడం మొరటు అని తేల్చేశాడు. యుద్ధ ఓడలు చేసిన కళ్లతో చూస్తే అంతే కనిపిస్తుంది మరి.

ఈ కేసులో నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ తొట్టి ఆకారం మేస్త్రీకి పని రాక వచ్చింది కాదు, రేవు అడిగింది కాబట్టి వచ్చింది. గోదావరి ఏటేటా తెచ్చి పోసే ఒండ్రుతో కోరంగి చుట్టూ నీళ్లు లోతు తక్కువ, ఏటి మొగలో ఇసుక మేటలు అడ్డం. కింద లోతైన దూలం ఉన్న ఓడ అక్కడికి రాలేదు, వచ్చినా ఆటుకు నీళ్లు తీసినప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ధోనీకి ఆ బాధ లేదు. ఖాళీగా ఉంటే పోటు మీద నాలుగైదు అడుగుల నీళ్లలో లోపలికి వస్తుంది, నీళ్లు తీస్తే బురద మీద తిన్నగా కూర్చుంటుంది, ఆ నీళ్లకు తేలేంత సరుకు ఎక్కించుకుని మళ్లీ పోటుకు లేస్తుంది.

దీనికి ఖరీదూ ఉంది. అడుగు చదును కాబట్టి పక్కగాలి వస్తే పడవ పక్కకే జారుతుంది, ఎదురుగాలికి వాటంగా నడవదు. అందుకే ఈ పడవల బతుకంతా గాలి క్యాలెండర్ మీదే. సంక్రాంతి దాటాక ఈశాన్యపు గాలి మీద దక్షిణానికి దిగడం, ఎండలు ముదిరి గాలి నైరుతికి మళ్లాక ఉత్తరానికి రావడం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం, ఆ మూడు నెలలూ పడవ కట్టేసి ఉంచడమే మంచిది.

కాబట్టి లెక్చరర్ గారితో ఒప్పందం ఇలా కుదిరింది: పడవను మెరిసే ఇత్తడి స్టాండ్ మీద పెట్టం, బురద మీద పెడతాం. రేవు లేకుండా ఆ పడవను చూపిస్తే చూసినవాళ్లందరూ వడ్లాయన మాటే అంటారు. గది పేరు కూడా కాస్త మార్చుకున్నారు, "ఓరుగల్లు నుంచి రేవు దాకా" అని. అప్పుడు కాకతీయుల శాసనం ఒక గోడ మీద, 1834 నాటి పడవ మధ్యలో, దేని తేదీ దానికి ఉంటుంది. పడవ కింద పలకలో మొదటి వాక్యమే "ఇది కాకతీయుల ఓడ కాదు" అని రాయించాను. ప్రిన్సిపాల్ గారికి అది నచ్చలేదు, కాసేపు టెన్షన్ పెట్టారు గానీ చివరికి ఉంచారు.

కట్టిన తీరు

స్కేల్ అడుగుకు అర అంగుళం. అంటే పడవ 35 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు. మధ్యలో చదును మూడున్నర అంగుళాలు. ఈ స్కేల్ ఎంచుకోవడానికి ఒకటే కారణం, పిల్లలు లోపలికి తొంగి చూస్తే సరుకు ఎక్కడ పెడతారో కనిపించాలి. ఇంకా చిన్నగా చేస్తే అది షోకేస్ బొమ్మ అవుతుంది, ఇంకా పెద్దగా చేస్తే కాలేజీ తలుపులోంచి పోదు.

ముందు వెనుకలు ఒకే తీరు అన్న మాట చదివినప్పుడు మామూలుగా అనిపిస్తుంది, పనిలోకి దిగితే దాని విలువ తెలుస్తుంది. లోపలి ఫ్రేములకు అట్ట అచ్చులు సగం పడవకు గీస్తే చాలు, ప్రతి అచ్చుకూ రెండేసి ముక్కలు కోసి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. డ్రాయింగ్ లేకుండా కంటి లెక్కతో 70 అడుగుల పడవ లేపే మేస్త్రీకి ఇది ఎంత పెద్ద సుళువో ఆలోచించండి. ఒక్క అచ్చుల సెట్ ఉంటే ఆ కొలతకు ఎన్ని పడవలైనా కట్టుకోవచ్చు. మొరటు అనిపించిన దాంట్లో ఇంత పొదుపు ఉంది.

ఫ్రేములకు పొనికి కొయ్య వాడాం, నిర్మల్ బొమ్మలు చేసేది దాంతోనే. మెత్తగా కోతకు వస్తుంది, తేలిక, చీలదు. పై చెక్కలకు మాత్రం టేకే పెట్టాలని నా పట్టుదల, ఎందుకంటే గోదావరి అడవుల్లో నరికిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి నీటి మీద కిందికి వదిలేవారు, తీరంలో పడవల పనికి మంచి కలప దొరికిందంటే అందులో ఈ నదికి వాటా ఉంది. అసలు పడవను మన ప్రాంతానికి కలిపే గట్టి ముడి ఇదే. వరంగల్ సామిల్లులో బల్లార్షా టేకు తుక్కు ముక్కలు ఏరి, ఈనె (చెక్కలోని గీతలు) సన్నగా ఉన్నవే తీసి రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా కోయించాం. టేకు ఈనె ఈ స్కేల్‌లో పెద్దదిగా కనబడుతుందని కొందరు వాడరు, అది నిజమే, అందుకే ఏరుకోవాలి.

కష్టమంతా కొసల దగ్గర వచ్చింది. మూడున్నర అంగుళాల చదును అర అంగుళం లోపుకు సన్నబడే దారిలో ప్రతి పట్టీ పడుకున్నది మెలితిరిగి నిలబడాలి. పట్టీని వేడినీళ్లలో నానేసి, కాల్చిన ఇనుప పైపు మీద కొద్దికొద్దిగా వంచి, ఆ వేడి ఉండగానే ఫ్రేము మీదకు నొక్కి, సైకిల్ ట్యూబ్ ముక్కలతో బిగించి రాత్రంతా వదిలేయాలి. క్లాంపులు వాడితే మెత్తటి చెక్క మీద గాట్లు పడతాయి, ట్యూబ్ అయితే పట్టు గట్టిగా ఉంటుంది, గాటు పడదు. ఈ ఉపాయం వడ్లాయనదే. ఆ కొసలు పూర్తయ్యాక అతను పడవను తొట్టి అనడం మానేశాడు, ఇది వేరే సంగతి.

పట్టీల సందుల్లో నూలు దారం కుక్కి, పైన గుగ్గిలం పొడి నూనెలో కాచి పూశాం. గుగ్గిలం కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, చౌరస్తా దగ్గర పూజా సామాన్ల దుకాణంలోనే దొరికింది. కాచిన గుగ్గిలం కాస్త ఆరగానే నల్లటి సన్నని గీతలా సందులో నిలబడుతుంది, పెయింట్‌తో ఆ గీత రాదు. వాసన మాత్రం వర్క్‌షాప్‌లో చాలాకాలం పోలేదు.

తెరచాప ఎత్తలేదు, అడ్డకొయ్యకు చుట్టి కట్టేశాం. పడవ రేవులో నిలబడి సరుకు దించుతున్నట్టు చూపిస్తున్నాం కాబట్టి అదే సబబు, పైగా తెరచాప విప్పితే చూసేవాళ్ల కళ్లన్నీ దాని మీదే ఉంటాయి, అడుగు భాగం ఎవరూ చూడరు. తోరణం గుర్తు ఎక్కడ వేయాలన్న చర్చ కూడా దాంతోటే ముగిసింది.

కుట్టు పడవల గురించి కూడా అడిగారు. మేకులు లేకుండా చెక్కలను కొబ్బరి పీచు తాడుతో కుట్టే మసూలా పడవలు వేరు. మద్రాసు లాంటి చోట అలలు విరిగి ఒడ్డును కొడుతుంటే మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టు పడవ అయితే ఆ దెబ్బకు కాస్త వంగి సర్దుకుంటుంది. కోరంగి ధోనీ అలాంటి ఒడ్డుకు వెళ్లదు, దూరంగా లంగరు వేస్తుంది, సరుకు మసూలాల్లో దిగుతుంది. రెండూ కలిస్తేనే ఆ వ్యాపారం నడిచింది. పక్కన చిన్న మసూలా కూడా పెడదామని ఉండేది గానీ కోరంగి బురదలో దాన్ని పెడితే చూసేవాళ్లు తికమక పడతారని వదిలేశాం.

బురద మాత్రం నిజం గోదావరిదే. కాళేశ్వరం దగ్గర ఎండిన ఒండ్రు తెచ్చి, జల్లించి, ఫెవికాల్ నీళ్లతో కలిపి పరిచాం. గాడిలా కోసి పడవను నీళ్లు తీసిన రేవులో కూర్చోబెట్టాం. ఇందులో అందం కన్నా అర్థం ఎక్కువ ఉంది. బాసర నుంచి కాళేశ్వరం దాకా మన గట్లు కోసుకుపోయిన మట్టి కూడా అక్కడే మేట వేసింది, చివరికి కోరంగి రేవు పూడిపోయింది కూడా ఆ ఒండ్రుతోనే. కలప పంపిన నదే రేవును మూసింది.

సరుకు లెక్క, ఎద్దుల లెక్క

పడవ ఎంత మోసేదో చెప్పమని పిల్లలు అడుగుతారు. 4 అడుగుల నుంచి 9 అడుగులకు దిగడమంటే అయిదు అడుగుల మందం నీటిని పక్కకు తోయడం. కొసలు సన్నబడటం, కిందికి పోయే కొద్దీ వెడల్పు తగ్గడం లెక్కేస్తే నా అంచనా 120 టన్నుల దరిదాపు. ఇది నా లెక్కే, ఎడై రాసింది కాదు, పలకలో కూడా అంచనా అనే రాశాం.

120 టన్నులంటే ఎవరికీ అందదు. కాబట్టి దాన్ని మన వైపు భాషలోకి మార్చాం. తీరం ఉప్పు లోపలికి వచ్చింది లంబాడీల ఎద్దుల మీద. 17వ శతాబ్దంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారులు చూశానని రాశాడు. ఎద్దు మీద ఒక క్వింటాలు, క్వింటాలుంబావు వేసుకున్నా ఒక్క ధోనీ సరుకు దించాలంటే సుమారు వెయ్యి ఎద్దులు రేవులో నిలబడాలి. పడవ చుట్టూ ఎద్దులు పెట్టే చోటు లేదు, అందుకని గోడ మీద వెయ్యి చిన్న ఎద్దుల బొమ్మలు అచ్చు కొట్టించి అతికించాం. మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి అది చూసి, "మా తాతలోళ్లు ఉప్పు మోసేటోళ్లట సార్, మా అవ్వ చెప్తది" అంది. గదిలో అన్నిటికన్నా ఎక్కువ సేపు జనం నిలబడేది ఆ గోడ దగ్గరే. ఓడ చేసినవాడిగా కొంచెం కుళ్లుగానే ఉంది.

పలక, తాడు, ముక్కు

ఎడై మొరటు అన్న నావికులు ఏం చేసేవారో ఆ పేరాలోనే ఆయనే రాశాడు. చిన్న చదరపు చెక్క పలక, దాని మధ్యలో ఒక తాడు, తాడుకు ముడులు. పలక పై అంచు ధ్రువ నక్షత్రాన్ని, కింది అంచు నీళ్లూ ఆకాశం కలిసే గీతను తాకేలా చేత్తో పట్టుకోవాలి, రెండో చేత్తో తాడు ముక్కు కొనకు లాగాలి. ఏ ముడి ముక్కుకు తగిలితే పడవ ఆ అక్షాంశంలో ఉన్నట్టు. ఉత్తరానికి పోతే నక్షత్రం ఎత్తుకు లేస్తుంది, దక్షిణానికి పోతే దిగుతుంది, అంతే కిటుకు. లోహం లేదు, అద్దం లేదు, అంకెలు కూడా లేవు. డిగ్రీలు తెలియాల్సిన పనే లేదు, ఒకసారి ఆ రేవులో నిలబడి చూసి ముడి వేసుకుంటే చాలు, మళ్లీ ఆ ముడి ముక్కుకు తగిలిన రాత్రి ఆ రేవు ఎదురుగా వచ్చినట్టు.

పిల్లల చేత ఇది చేయించాలన్నది నా పట్టు. పలక ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకుందాం. పలక ఎత్తులో సగాన్ని, నక్షత్రం ఎత్తులో సగం కోణానికి ఉన్న టాంజెంట్‌తో భాగిస్తే తాడు పొడవు వస్తుంది. కోరంగి 16.8 డిగ్రీల దగ్గరుంది, ముడి 34 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. బందరు 16.2, ముడి 35. మద్రాసు 13.1, ముడి 43న్నర. ట్రింకోమలీ 8.6, ముడి 66న్నర, అంటే చెయ్యి దాదాపు పూర్తిగా చాపాలి. ఇంకా దక్షిణానికి పోవాలంటే చిన్న పలక కావాలి. మన ఓరుగల్లు 18 డిగ్రీలు, ముడి 31న్నర. కోరంగికీ బందరుకూ మధ్య తేడా సెంటీమీటరు పైచిలుకే అని చూసి పిల్లలు పెదవి విరిచారు. చేతిలో సెంటీమీటరు, నీళ్ల మీద ఒక రాత్రి ప్రయాణం కావచ్చు.

ఇంకో చిక్కు ఉంది, లెక్చరర్ గారే పట్టుకున్నారు. 1834లో ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి డిగ్రీన్నర దూరంలో ఉండేది, ఇప్పుడు డిగ్రీలో మూడింట రెండొంతుల దూరానికి దగ్గరైంది. కాబట్టి రాత్రి ఏ వేళ చూశారన్న దాన్ని బట్టి ఎత్తు మారుతుంది. డిగ్రీకి 111 కిలోమీటర్లు, లెక్క తప్పితే తప్పిన రేవు చిన్నది కాదు. కానీ ధోనీ ఒడ్డు కనబడేంత దూరంలో నడిచే పడవ. గుడి గోపురం, కొండ, నీటి రంగు, కిందికి వదిలిన గుండు తాడుకు అంటిన మట్టి, ఇవన్నీ పలకకు తోడు. పలక ఒక్కటే చూసి నడిపితే అది నిజంగానే మొరటు అయ్యేది.

వరంగల్‌లో సముద్రపు అంచు ఎక్కడ తేవాలి? గోడ మీద కంటి ఎత్తులో నీలం గీత గీశాం. దానికి మూడు మీటర్ల దూరంలో నేల మీద పాదాల గుర్తు పెట్టాం. గీత పైన 90 సెంటీమీటర్ల ఎత్తులో ఒక ఎల్‌ఈడీ, 70 దగ్గర ఒకటి, 45 దగ్గర ఒకటి. మొదటిది కోరంగి, రెండోది మద్రాసు, మూడోది ట్రింకోమలీ. ఏదో ఒక బల్బు వెలుగుతుంది, పిల్లలు పలక పట్టుకుని ముడి వెతికి ఏ రేవో చెప్పాలి. పొట్టివాళ్లకు పీట వేయాలి, లేదంటే గీత కంటి మీదికి పోయి లెక్క చెడుతుంది. గది మొత్తంలో తక్కువ ఖర్చు అయింది దీనికే, అరిగిపోయి తాళ్లు మార్చాల్సి వస్తున్నదీ దీనికే.

వద్దన్న రెండు సమాచార పలకలు

ఒకటి తుఫాను. 1839 నవంబర్‌లో కోరంగి తుఫానులో మూడు లక్షల మంది చనిపోయారని, ఇరవై వేల ఓడలు మునిగాయని ఇంటర్నెట్ అంతా ఉంటుంది. కాలేజీ వాళ్లు దాన్ని ఎర్ర అక్షరాల్లో వేయాలన్నారు. నేను ఒప్పుకోనని చెప్పాను. ఒక్కో ధోనీకి పది మంది కళాసీలు అనుకున్నా ఇరవై వేల ఓడలకు రెండు లక్షల మంది నావికులు కావాలి, ఒక ఏటి మొగ రేవులో! తెప్పలూ దోనెలూ అన్నీ కలిపి ఎవరో ఊహించిన అంకె అయ్యుండాలి. తుఫాను వచ్చింది నిజం, ఊరు దెబ్బతిన్నది నిజం. దానికన్నా ముందు 1789 డిసెంబర్‌లో ఒకదాని వెనుక ఒకటి మూడు పెద్ద అలలు వచ్చి ఇరవై వేల మంది దాకా పోయారని చెప్పే లెక్క ఉంది. పలకలో రెండు తుఫాన్ల సంవత్సరాలూ రాశాం, ఓడల అంకె రాయలేదు.

రెండోది కోనసముద్రం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చి దగ్గరుండి చేయించుకునేవారు, అది గొప్ప సంగతే. కాబట్టి ధోనీ మేకులు కోనసముద్రం ఉక్కుతో చేశారని రాద్దామన్నారు ఒక సారు. ఆ ఉక్కు కత్తులకు. గట్టిదే గానీ పెళుసు, మేకుగా కొట్టి కొన వంచితే విరుగుతుంది. పడవ మేకుకు మెత్తని ఇనుము కావాలి. నరసాపురం దగ్గర మంచి ఇనుము దొరుకుతుందని, అక్కడి కమ్మర్లు మేకులు, లంగర్లు బాగా చేస్తారని 1670లలో తిరిగిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ రాశాడు. ఆ మాట వరకే వాడుకున్నాం. మన ఊరికి మంచి పేరు రావాలని ఎవరికి ఉండదు, కానీ కత్తి ఉక్కును మేకుగా మారిస్తే వచ్చే పేరు కమ్మరి చదివాడంటే పోతుంది.

చివరి గోడ చిన్నదే, ఈ పడవలు ఎందుకు పోయాయన్నది. కోరంగి పూడుతుంటే కాకినాడ పైకి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తీరం వెంబడి స్టీమర్లు మొదలయ్యాయి, గాలి కోసం ఆగని ఓడలు వచ్చాక గాలి క్యాలెండర్‌తో పనేముంది. కాటన్ దొర గోదావరి, ప్రాణహితల మీద పైదాకా పడవలు నడపాలని దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర రాళ్ల అడ్డంకులు దాటించే పనులు పెట్టించాడు, 1871లో ఆపేశారు. అది పూర్తయి ఉంటే ఎగువ ప్రాంతాల పత్తి నేరుగా రేవుకు దిగేది. 1889కి నిజాం రైలు వరంగల్ మీదుగా బెజవాడ చేరింది, ఉప్పు రైలెక్కింది, ఎద్దుల బిడారుకు పని పోయింది. దుమ్ముగూడెం ఆనకట్ట ఇంకా ఉంది, అటు పోయేవాళ్లు చూడొచ్చు.

ఇలాంటిది చేయించుకోవాలనుకునే కాలేజీలకు ఒకటే చెప్తాను. పెట్టె గాజుతో పూర్తిగా మూసేయకండి, కిటికీ ఎండ తగిలేలా పెట్టకండి, మన మే నెల ఎండకు రెండు మిల్లీమీటర్ల టేకు పట్టీ ఊరికే ముడుచుకుంటుంది. ఏడాదికోసారి నూనె గుడ్డతో తుడిస్తే చాలు. అట్ట అచ్చులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, సగం పడవకే ఉన్నాయి, అదే పూర్తి సెట్. కాకతీయుల ఓడ కావాలని వస్తే మాత్రం ముందు కొలత దొరికిన శాసనం తీసుకురండి.